టొకుజి సమాధి ముందు టొకుజి

మీరు హమసాకి టొకుజిని ఒక్కసారి కలిసి తీరాల్సిందే! చావు తప్పించుకుని వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. చచ్చి, చచ్చినందుకు సైన్యంలో రెండు ర్యాంకులు పెరిగి, ఆ తర్వాత ఊళ్లోకి నడిచొచ్చినవాడు మాత్రం ఇతనొక్కడే.

యుద్ధం చివర్లో జపాన్ నౌకాదళం అతన్ని శత్రు ఓడని గుద్ది పేలిపోయే, ఒక్క మనిషి పట్టే జలాంతర్గామిలో కూర్చోబెట్టి, "ఎక్కడికెళ్తున్నావో చచ్చేదాకా ఎవరికీ చెప్పకు" అని పంపింది. కొన్నాళ్లకి ఊరికి తెల్లగుడ్డ చుట్టిన పెట్టె వచ్చింది. లోపల అస్థికల బదులు ఒక గులకరాయి. ఊరు దాన్నే పూడ్చి, గుడి పక్కన నిలువెత్తు రాయి పాతింది: "శత్రు నౌకను ముంచిన వీరుడు."

మరుసటి వసంతంలో టొకుజి బతికి వచ్చాడు. అతనికి కావాల్సింది ఒక్కటే, చేపలవాళ్ల సంఘం గోడ మీద తన పేరున్న చెక్క. అది లేనిదే తండ్రి వదిలిన పడవ ఒడ్డు దాటదు.

"చచ్చినవాడికి చెక్క ఎలా ఇస్తాంరా?" అన్నాడు సంఘం పెద్ద గెంపచి. "ఇన్నాళ్లూ ఎక్కడ తగలడ్డావ్?"

"చచ్చేదాకా చెప్పొద్దన్నారు, పెద్దాయనా."

"చచ్చావుగా! రాయి కూడా పాతాం. ఇంక చెప్పు."

టొకుజి చెప్పేశాడు. రెండో గంటకే ఇంజిన్ ఆగిపోయింది. ఖాళీ దీవికి కొట్టుకుపోయి, దారినపోయే ఓడ ఎక్కించుకునేదాకా ఏడాదిపాటు పీతలు తిని బతికాడు.

గెంపచి మొహం మాడిపోయింది. "పీతలా! పక్క ఊరోళ్లకి తెలిస్తే మన పరువేం కాను? నోరు మూసుకుని, ఓబోన్ పండగనాడు అందరి ముందూ ఆ వీరుడి రాయికి సారా పొయ్యి. చెక్క ఇస్తా."

చనిపోయినవాళ్లు ఇంటికొచ్చే పండగ అది. బియ్యానికే కటకటలాడే రోజుల్లో ఊరంతా కలిసి ఒక్క గిన్నెడు సారా పోగేసింది. మూడేళ్లుగా ఎరగని వాసన. రాయి మీద పోయడానికి టొకుజికి చెయ్యి రాలేదు. గటగటా తాగేశాడు.

ఇవ్వడానికి బయటికి తీసిన చెక్కని గెంపచి మళ్లీ చొక్కాలోకి తోసుకోబోతున్నాడు. అంతలో ముసలి ఒతనే అవ్వ సాగిలపడింది. "చూస్తారేంట్రా, దండం పెట్టండి! వీరుడు వీడికి పూని తాగాడు!"

గెంపచి ఒక్క క్షణం ఆలోచించి తానూ వంగాడు. పక్క ఊరి రాయి ఏనాడూ తాగలేదు మరి.

చెక్క దక్కింది, పడవ కదిలింది. కానీ అప్పట్నుంచీ ఏటా టొకుజి తన సమాధి ముందు తనే పూనకంతో ఊగుతూ, ముంచని ఓడని మళ్లీ ముంచాలి. ఒక ఏడాది మత్తులో ఉండబట్టలేక "ఓడా లేదు, గీడా లేదు! పీతలు! అన్నీ పీతలే!" అని అరిచేశాడు. వీరుడికి పీతలంటే ఇష్టమని మరుసటి ఏడు పెద్ద పళ్లెం నిండా వండి పెట్టారు. ఊరంతా చేతులు జోడించి చూస్తోంది.

ఆ పళ్లెం ముందు మీరే కూర్చుని ఉంటే ఏం చేసేవారు?