ఖాళీ సీటుకు అప్పగించిన కంట్రోల్స్

దెయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలోని విచిటాలో ఓ చిన్న విమానాల కంపెనీలో ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేయడం నా ఉద్యోగం. ఎవరేం చెప్పినా డేటా చూపించమనే మనిషిని. ఈసారి డేటా ఉంది. అదే నా బాధ.

మా ల్యాబ్‌లో సిమ్యులేటర్ ఉంది. పక్కపక్కనే రెండు సీట్లు, రెంటి ముందూ నిజం విమానంలో ఉండే కంట్రోల్ కాలమ్స్; వెనక్కి లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది. లేచేవాళ్ళు పక్క సీటువాళ్ళకు "యువర్ కంట్రోల్స్" అని చెప్పి అప్పగించాలి. పైలట్ల పద్ధతి, మాకూ అలవాటైపోయింది.

ఆ రోజు టెస్ట్ ఇదీ: ఒక సెన్సర్ తప్పు చెబితే కంప్యూటర్ దాన్ని నమ్మకూడదు. నమ్మితే విమానం ముక్కును కిందికి తోసేస్తుంది. మర్నాడు అదే సాఫ్ట్‌వేర్‌తో మా టెస్ట్ పైలట్ కెవిన్ నిజంగా ఎగరాలి. వాళ్ళమ్మాయీ మా పాపా ఒకే టీమ్‌లో సాకర్ ఆడతారు.

నాతో పనిచేసే వరంగల్ అమ్మాయి సుధ లంచ్‌కి వెళ్ళింది. ఆ సంగతి మర్చిపోయి, ఎడమ సీట్లోంచి లేస్తూ "యువర్ కంట్రోల్స్" అనేశాను. వెనక కంప్యూటర్ దగ్గర కూర్చుని సెన్సర్ తప్పు చెప్పేలా చేశాను. ముక్కు దిగలేదు. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాత కాలమ్స్ మీద పడ్డ బలం చూపించే గ్రాఫ్ తీశాను. టెస్ట్ సాగినంతసేపూ కుడి సీటు కాలమ్‌ను ఎవరో వెనక్కి లాగుతున్నారు. కాస్త లాగి, కాస్త వదిలి, మళ్ళీ లాగి, అచ్చం మనిషిలాగే.

సుధ వచ్చి చూసింది. "ఆ కాలమ్ ఫోర్స్ సెన్సర్ ఖరాబైనట్టుంది అక్కా. ముక్కు దిగలే కదా, పాస్ రాసెయ్."

చెక్ చేశాం. అది శుభ్రంగా పనిచేస్తోంది. నాకు మనసొప్పలేదు. ఈసారి "యువర్ కంట్రోల్స్" అనకుండా నోరు మూసుకుని మళ్ళీ రన్ చేశాను. ముక్కు నేలకేసి దిగిపోయింది.

సుధ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కెవిన్ ఫ్లైట్ క్యాన్సిల్ చేయించాం. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికింది, సరిచేశారు. మొదటిసారి కాలమ్ లాగిందెవరో మాత్రం తేలలేదు.

ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అర్థం కాదు. ఆ చెయ్యి తప్పును నా కంట పడేసిందా, కప్పెట్టబోయిందా? లేక పడిపోతున్న విమానాన్ని పట్టుకుంది, అంతేనా? అది ఉత్తుత్తి విమానమని ఎవరూ చెప్పలేదేమో, పాపం.

సరిచేశాక అదే టెస్ట్ మళ్ళీ పెట్టాం. సీట్లోంచి లేస్తూ నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. పాస్ అయింది. కుడి కాలమ్ గీత ఎక్కడా కదల్లేదు. కెవిన్ ఎగిరాడు, క్షేమంగా దిగాడు.

సంతోషించాలి కదా! ఆ ఖాళీ సీటు చూసినప్పుడల్లా మాత్రం, చెప్పకుండా లేచి వచ్చేశానే అని మనసు పీకుతూ ఉంటుంది. ఎవరికి చెప్పాలో ఇప్పటికీ తెలియదు.