తెల్లమచ్చ అన్నారట

సలోమక్క మా పాపకు నీళ్లు పోయడం ఉన్నట్టుండి మానేసింది. రోజూ పొద్దున్నే వచ్చి, కాళ్లు బారజాపుకుని, వాటి మీద పాపను పడుకోబెట్టుకునేది. నేను బకెట్లో మోచెయ్యి ముంచి వేడి చూసి, మళ్లీ చూస్తుంటే, "నీళ్లే పోస్తున్నానండీ అమ్మాయిగారూ, ఉడకబెట్టట్లేదు" అని నవ్వేది. అలాంటిది ఆ రోజు గడప దాటి లోపలికి రాలేదు. చేతులు చీర కొంగులో దాచుకుని, ఇంకెవరినైనా చూసుకోమంది.

నాకు ముందు పాప గురించే భయమేసింది. ఏమైందో చెప్పేదాకా వదల్లేదు.

"నాకు తెల్లమచ్చ అన్నారండి."

సలోమక్క భీమడోలులో మా వీధి చివర ఉంటుంది. భర్త వదిలేసి తణుకులో ఇంకొకామెతో ఉంటున్నాడు. కూతురు దేవకుమారి ఇంటర్ చదువుతోంది. మా ఇంట్లో పని అయ్యాక ఆటోలో కొల్లేరు వైపు వెళ్లి, ఏ చెరువులో రొయ్యలు పడుతుంటే అక్కడ వాటిని సైజుల వారీగా ఏరుతుంది. ఏలూరులో ఒక ఆసుపత్రి వాళ్లు ఆరోగ్యశ్రీ కార్డు లేని ఆడవాళ్లకు బుధవారాలు గర్భసంచి ముఖద్వారం ఉచితంగా పరీక్షిస్తారు. వానాకాలంలో చర్చి ఆడవాళ్లతో కలిసి తనూ వెళ్లొచ్చింది. అంతా బాగుందనే చెప్పింది అందరికీ.

బాగాలేదట. నర్సు మెర్సీ ఏదో పుల్లటి వాసన మందు రాసి, లైటు వేసి చూసి, తెల్లమచ్చ పడింది, డాక్టరమ్మ సెలవులో ఉంది, వచ్చే బుధవారం తప్పకుండా రమ్మందట. వానలు పోయి, చలి కూడా పోయింది. సలోమక్క మళ్లీ వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదని అడిగాను.

"రొయ్యల చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలితే ఏం చేస్తారండీ? మందు లేదు కదండీ. బ్లీచింగ్ కొట్టి అన్నీ చంపేస్తారు. పక్క చెరువోళ్లు మన వలని కూడా వాళ్ల గట్టెక్కనివ్వరు. మనిషికి మాత్రం వేరే ఏముంటుంది లెండి."

ఈమధ్య నెలసరికీ నెలసరికీ మధ్యలో రక్తం కనబడుతోందట. ముదిరిందనుకుని, పాపకు అంటుతుందని దూరంగా నిలబడింది.

నేను మైక్రోబయాలజీ చదివాను. పాప పుట్టేదాకా రొయ్యల ల్యాబ్‌లో పనిచేశాను. తెల్లమచ్చ అన్న మాట వింటే రైతు ముఖం ఎలా అయిపోతుందో చూశాను. రొయ్యకు వచ్చేది వేరే వైరస్ అని, మనిషికైతే గర్భసంచి ముఖద్వారం దగ్గర మారిన కణాలు ఆ మందుకు తెల్లగా కనిపిస్తాయని, నీళ్లవల్లా చేతులవల్లా అంటదని చెప్పాను.

"అయితే పాపకి అంటదాండీ?"

అంటదన్నాను.

"మరి నాకండీ?"

పాపను మా అమ్మకు అప్పగించి, ఆ బుధవారం ఆమెతో ఏలూరు రైలెక్కాను.

మెర్సీ పరీక్ష చేసి, గ్లవుజులు తీస్తూ బయటికొచ్చింది. "అప్పుడే వచ్చుంటే ఆ మచ్చకి కాస్త వేడి తగిలించి, మాడ్చేసి పంపేసేవాళ్లమమ్మా. భయపడొద్దనే చెప్పాను కదా?"

"మీరు చెప్పిన పేరు అలాంటిదండీ," అంది సలోమక్క.

డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అక్కడిదాకా ఉచితమే. రిపోర్టులో క్యాన్సరని వస్తే చికిత్సకు విజయవాడ వెళ్లాలని, అక్కడ కార్డు అడుగుతారని మెర్సీ చెప్పింది. కార్డు ఎక్కడుందని అడిగింది.

"మా ఆయన దగ్గరుందండి. దాంట్లో ఇంకా నా పేరుందో, ఆవిడ పేరే ఉందో."

బయటికొచ్చాక స్టేషన్ వైపు ఆటో పిలవబోతే సలోమక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. తణుకు వెళ్లాలి, బస్టాండుకి పోదామంది. నేనూ వస్తానన్నాను. పాప పాలకి ఏడుస్తుంటుంది, మీరు వెళ్లండంది. భర్త వదిలేసి వెళ్లాక ఆమె ఒక్కసారి కూడా అతని ముఖం చూడలేదు. తణుకులో అతని ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా తెలియదు. దేవకుమారికి ఫోను చేసి అన్నం వండుకోమని మాత్రం చెప్పి, తణుకు బస్సెక్కింది.