వంటమనిషిని తిట్టని ఇల్లు

స్తెపానిదకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. చర్చిలో ఫాదరు దీవించినా, ఎందుకు దీవించాడా అని ఇంటికొచ్చి ఆలోచించే మనిషి. రష్యాలో, సరాతోవ్ పట్నంలో మేముండే భవనానికి ఆమె భర్త నికీఫొర్ కాపలాదారు. వాకిట్లో మంచు ఎత్తిపోయడం, మేడల మీదికి కట్టెలు మోయడం ఎలాగూ ఉంటాయి. అద్దెకు దిగినవాళ్ల గుట్టుమట్లు పోలీసు ఠాణాకు చేరవేయడం కూడా అతని ఉద్యోగమే. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు యెఫీమ్ జారు చక్రవర్తికి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చువేసి జైల్లో ఉన్నాడు. ఇంట్లో తండ్రి ముందు ఆ పేరెత్తడానికి లేదు. పక్క గదిలో ఉండి బట్టలుతికి బతికేదాన్ని కనుక, ఆదివారాలు జైలుకు స్తెపానిద వెంట నేనే వెళ్లేదాన్ని.

ఆ చలికాలంలో మేడ మీదికి జోతోవ్ అనే వ్యాపారి, అతని భార్య, గ్లఫీరా అనే వంటమనిషి దిగారు. దేవుడి పటం, దాని ముందు దీపం, టీ కాచే తళతళలాడే సమోవార్, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. అదే స్తెపానిదకు మింగుడుపడలేదు. ఒకరోజు కట్టెలు వేయడానికి వెళ్లి అసలు సంగతి చూసింది. వ్యాపారి భార్య వంటమనిషిని "మీరు" అంటోంది. పైగా తను లేచి కుర్చీ ఇస్తోంది. మా వీధిలో వంటమనిషికి పొద్దున్నే ముందు తిట్లు, ఆ తర్వాతే టీ.

"వీళ్లు వ్యాపారులు కారు, మావాడి మనుషులే," అంది నాతో. "మా ఆయన కంట ఇంకా పడలేదు గానీ, పడితే నేరుగా ఠాణాకే పోతాడు."

నీకెందుకమ్మా అన్నాను. వాళ్లు దొరికితే యెఫీమ్‌ను కూడా ఆ కేసులోకి లాగి ఉరి దాకా తీసుకుపోతారని ఆమె భయం. మర్నాడు కట్టెల మోపుతో వాళ్ల వంటింట్లోకి వెళ్లింది. జోతోవ్, అతని భార్య, గ్లఫీరా ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి వచ్చి నేనూ ఉన్నాను.

"అమ్మగారూ, మీ వంటమనిషిని తిట్టండి," అంది. "కింది దాకా వినపడాలి. ఇంత మర్యాద చేస్తే మా ఆయన పసిగట్టేస్తాడు."

వ్యాపారి భార్య ముఖం పాలిపోయింది. "ఆయనే పంపాడా నిన్ను?"

"ఆయన పంపితే ఈ మాట చెప్తానా? నేను యెఫీమ్ తల్లిని."

ఆ పేరు వినగానే ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అలాంటివాడెవడూ తమకు తెలియదన్నాడు జోతోవ్. గ్లఫీరా తలుపు తీసి పట్టుకుంది. సాయంత్రం మెట్ల మీదికి తిట్లు వినిపించాయి. అంత చేతకాని తిట్లు నేను పుట్టి ఎరగను. తెల్లారేసరికి ఇల్లు ఖాళీ. వాళ్లెవరో ఆలస్యంగా తెలిసి పోలీసులు వచ్చి, ముందే కనిపెట్టలేకపోయినందుకు నికీఫొర్ చెంపలు వాయించి పోయారు.

ఆదివారం జైలు గేటు దగ్గర మా వంతు వచ్చింది. యెఫీమ్ రానన్నాడని వార్డరు చెప్పాడు. కారణం మాత్రం ఇంకో ఖైదీ తల్లి నా చెవిలో వేసింది. నీ తల్లి పోలీసుల మనిషి, జాగ్రత్త అని బయటినుంచి కబురు అందిందట. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రజల కోసం ప్రాణాలిస్తామనేవాళ్లు, ప్రజల్లో ఒకతె గడప తొక్కి నిజం చెబితే నమ్మలేకపోయారు. కన్నకొడుకైనా నమ్మొద్దా?

దాచినా ఆగదని స్తెపానిదకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఏడవలేదు. రొట్టెల మూట వార్డరు చేతిలో పెట్టింది.

"నేను తెచ్చానని చెప్పకు నాయనా," అంది. "తినడు."