కిషన్‌బాగ్‌లో మంచు పడితే

కిషన్‌బాగ్‌లో ఏదో ఒకనాడు మంచు కురుస్తుందని గట్టిగా నమ్మిన మనిషి బీరయ్య ఒక్కడే. తాతల నాటి నుంచీ బర్రెపాలు అమ్ముకుని బతుకుతున్న ఇల్లది. ఆ ఇంటి మనిషికి ఈ మంచు పిచ్చి, అతని మాటల్లో బర్ఫ్ పిచ్చి, ఎక్కడ తగులుకుందో భార్య కొమురమ్మకు అంతు చిక్కలేదు.

అంతా ఫోను చేసిన నిర్వాకం. ఎక్కడో చలిదేశంలో ఒక తెల్లామె మోకాటిలోతు మంచులో పాతకాలపు జాతికోళ్ళను పెంచుతుంది. ఆ వీడియోలు చూసి బీరయ్య అసలు సిసలు అసీల్ జాతి కోళ్ళను తెచ్చాడు. పుంజుకు నవాబు అని పేరు పెట్టాడు. ఆమె మాట ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆమె చేసిందల్లా చేశాడు. కోళ్ళకు వేడి గంజి పోశాడు. నవాబు నెత్తిమీది ఎర్ర జుట్టు చలికి పగలకుండా వ్యాజిలీన్ రాశాడు. నవాబుగారు ఆ నిగనిగలతో పెళ్ళిచూపులకు బయల్దేరినట్టు వాకిట్లో తిరిగేవారు.

"ఏందయ్యా ఈ లొల్లి? ఎండకు కోళ్ళు నోర్లు తెరిచి రొప్పుతున్నయ్. వాటికి వేడి గంజా?"

"బర్ఫ్ పడ్తే?"

"మన దిక్కు బర్ఫ్ పడ్తదా?"

"బర్ఫేమన్న చెప్పి వస్తదానే?"

కొమురమ్మ నెత్తి కొట్టుకుంటూ పాలు పిండడానికి వెళ్ళిపోయేది.

చలి ముదిరాక బీరయ్య ఇంకో అడుగు ముందుకు వేశాడు. మన వాకిట్లో గాలి ఎక్కువని, కోళ్ళ గంపను గోడ అవతలి లీలమ్మ గదిలోకి మార్చాడు. లీలమ్మ ఒంటరి ముసలామె, ఉన్నది ఒక్క రేకుల గది. పోయిన చలికాలమంతా ఆమె దగ్గు గోడ దాటి వినిపించింది. పాపమని కొమురమ్మ గిన్నెడు పెరుగు పంపిస్తే, గిన్నె పెరుగుతో సహా తిరిగొచ్చింది. ఒకరి దగ్గర గోరంత తీసుకోని మనిషి, కోళ్ళను ఎట్లా రానిచ్చిందో!

ఆ తర్వాత బర్రెల గడ్డి లీలమ్మ రేకుల మీదికెక్కింది. కిటికీకి గోనె సంచులు పడ్డాయి. గదిలో పెద్ద బల్బు వెలిగింది. చివరికి కొమురమ్మ ఉన్ని శాలువ మాయమైంది.

"నా శాలువ కోళ్ళకు కప్పినవా?"

"బర్ఫ్ పడ్తే..."

"నీ బర్ఫ్ మీద మన్ను పడ! రేపే కోళ్ళను అమ్మేస్త."

అన్నంత పనీ చేసింది. బహదూర్‌పురాలో కోళ్ళు కొనే కొండల్‌కు ఫోను కొట్టింది. బీరయ్య మొహం పాలిపోయింది.

"చలికాలం పోనియ్యవే, నీ కాళ్ళు మొక్కుత" అన్నాడు. కోళ్ళ కోసం కాళ్ళు మొక్కే మొగుణ్ణి చూసి ఆమె ఇంకా అయోమయంలో పడింది.

తెల్లవారగానే కోళ్ళను పట్టుకొద్దామని లీలమ్మ గదికి వెళ్ళింది. కోళ్ళు లోపల లేవు. బల్బు వేడికి తాళలేక, నవాబుతో సహా అన్నీ గడప బయట చల్లగాలిలో హాయిగా కూర్చున్నాయి. లోపల లీలమ్మ, మెడదాకా శాలువ కప్పుకుని, దగ్గూ గిగ్గూ లేకుండా గుర్రుపెడుతోంది.

అలికిడికి లేచి తడబడింది. "మీ ఆయన పోరు పడలేక ఒప్పుకున్న బిడ్డా. మనిషి తోడు పండుకుంటేనే కోళ్ళకు వెచ్చగుంటదంట. మనిషికి శాలువ ఉండాల్నంట. లేకుంటే ఒకల సొమ్ము నాకెందుకు?"

కొమురమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు మొగుడి మీద ఎన్నడూ లేనంత ప్రేమా వచ్చింది.

అంతలో గంప పట్టుకుని కొండల్ వచ్చాడు. "అక్కా, కోళ్ళేవి?"

"ఇయ్యను పో అన్నా."

"గదేంది, నిన్ననే అమ్ముతనంటివి?"

"బర్ఫ్ పడేటట్టున్నది."

కొండల్ ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, ఈ ఇంట్లో ఇద్దరికీ పిచ్చి పట్టింది అనుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం కొమురమ్మ చెంబెడు వేడిపాలు తీసుకుని లీలమ్మ గడప ఎక్కింది. "అవ్వా, నవాబుకు పాలు తెచ్చిన. వాడు తాగంగ మిగిలితే పారబోయకు, పాపం తగుల్తది."

"కోళ్ళు పాలు తాగుతయా బిడ్డా?"

"బర్ఫ్ పడ్తే తాగుతయ్."

మరునాడు చెంబు ఖాళీగా తిరిగొచ్చింది.