తొండియార్‌పేట గోడ మీద మా చెల్లెలి పాఠం

నెల్లూరులో ఉదయం ఆరు ఇరవైకి చెన్నై బండెక్కాను. మా చెల్లెలు వసుంధర పాఠం చెబుతుంటే చూడాలనే ఈ ప్రయాణం. పిల్లల మెదడు ఎలా నేర్చుకుంటుందో పరిశోధించే శాస్త్రవేత్త తను. మూడేళ్ళ క్రితం ప్రయోగశాల ఉద్యోగం వదిలి, వాతావరణ మార్పుల గురించి బస్తీల్లో చెప్పడం మొదలుపెట్టింది. "ఇంత చదివి వీధుల వెంట తిరుగుతావా?" అని అప్పట్లో కసిరాను. ఆ తర్వాత మా మధ్య మాటలు ముక్తసరిగానే నడిచాయి. పోయిన వారం తనే ఫోన్ చేసి, "ఒక్కసారి వచ్చి చూడక్కా, ఆ తర్వాత తిట్టు" అంది.

గూడూరులో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసే ఒకాయన ఎదుటి సీటులో ఉన్నాడు. పెద్ద చదువు చదివిన చెల్లెల్ని చూడబోతున్నానని చెబితే, "మీ చెల్లెలు డాక్టరా మేడం?" అన్నాడు.

"డాక్టరే గానీ మందులివ్వదు."

"మరేం చేస్తాది?"

ఇడ్లీ పొట్లం విప్పి ఆయన వైపు జరిపాను.

తొమ్మిదిన్నరకు సెంట్రల్లో దిగాను. తొండియార్‌పేట వెళ్ళేవాళ్ళకు మెట్రో సులువు, ఆటో బేరాలు తప్పుతాయి. పది దాటేసరికి వసుంధర చెప్పిన తెలుగువాళ్ళ వీధికి చేరాను. అంగన్‌వాడీ గది ముందు పిల్లలు, అమ్మలు, అవ్వలు కూర్చునివున్నారు. వసుంధర నన్ను చూసి కళ్ళతోనే నవ్వింది, పాఠం ఆపలేదు.

గోడ మీద సుద్దతో నడుమెత్తున గీత గీసి, "పోయిన వరదలో నీళ్ళు ఇంతవరకు వచ్చాయని మా పటం చెబుతోంది" అంది.

"తప్పు మా!" చేపలమ్మే మరియమ్మ అనే అవ్వ లేచింది. "ఆడికి కాదు, ఈడికొచ్చినాయి" అని తన గొంతు చూపించింది. "మనవరాల్ని నెత్తిన పెట్టుకోని నిలబడుండా. మీ పటం ఆ పొద్దు ఏడుండె?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. చిన్నప్పుడు ఎవరైనా తప్పంటే వసుంధర అన్నం మానేసేది. ఇప్పుడు తన గీత తనే చెరిపి, సుద్దముక్క మరియమ్మ చేతికిచ్చింది.

"మీరే గీయండవ్వా. నీళ్ళు ముందు ఏ పక్క నుంచి వచ్చినాయో చెప్పండి, పిల్లలు రాసుకుంటారు."

గంటలో గోడ నిండా గీతలు. వాటినే చూస్తున్న మరియమ్మ మనవరాలు ఉన్నట్టుండి, "అవ్వా, మళ్ళీ అంత నీళ్ళొస్తే మా అంగన్‌వాడీ బియ్యం మునిగిపోవా?" అంది. అందరూ ఒక్కసారిగా గది వైపు తిరిగారు.

మధ్యాహ్నం మెస్సులో సాంబారన్నం తింటూ అడిగాను, "అందరి ముందు తప్పన్నందుకు బాధనిపించలేదా?"

"నేను చెబితే వింటారక్కా. వాళ్ళంతట వాళ్ళు కనుక్కుంటే మర్చిపోరు. ప్రయోగశాలలో అన్నేళ్ళు నేను చూసింది ఇదే."

"అప్పుడు నేనన్న మాట తప్పు" అన్నాను. తను తన అప్పడం తీసి నా ఆకులో వేసింది.

నాలుగున్నరకు తిరుగు బండి. గుమ్మిడిపూండి దాటుతుండగా ఫోన్‌కు ఫోటో వచ్చింది. ఆ వీధి ఆడవాళ్ళు బియ్యం మూటలు మేడ మీదికి చేరవేస్తున్నారు, అందరికంటే ముందు మరియమ్మ. "నేను చెప్పలేదక్కా, వాళ్ళే మొదలుపెట్టారు" అని కింద వసుంధర రాసింది.

పెట్టెలో నా చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ ఫోటో చూపించాను. ఎవరు వీళ్ళంతా అని అడిగిన ప్రతివాళ్ళకూ, "మా చెల్లెలి క్లాసు" అని చెప్పుకున్నాను.