అర్విన్ టోపీ

అమెరికాలోని ఈరీ పట్టణంలో మంగళవారం మ్యాట్నీకి ఏ దెయ్యాల సినిమా వేసినా వెల్మా మధ్య వరసలో ఉంటుంది. తెర మీద గొంతులు తెగుతుంటే పాప్‌కార్న్ నములుతూ కిలకిలా నవ్వుతుంది. పక్కనే ఆమె మొగుడు అర్విన్, మంచు తుపానుల్లో లారీలు తోలిన ఆరడుగుల మనిషి, ఉన్నిటోపీని గడ్డం దాకా లాక్కుని కూర్చుంటాడు.

“అయిపోయిందా?”

“ఇంకా లేదు. ఆ పిల్ల నేలమాళిగలోకి దిగుతోంది, తెలివితక్కువది.”

“నీకు భయమెయ్యదా?”

“సంగీతం మారగానే ఏదో వస్తుందని తెలిసిపోతుంది కదయ్యా! ఇంక భయమేంటి?”

గండం గడిచాక మోచేత్తో పొడిచి, “ఇక చూడొచ్చు” అంటుంది.

మొన్న పొద్దున వంటింట్లో ఫోను మోగింది. వెల్మా రొమ్ములో గడ్డకు చేసిన పరీక్ష ఫలితం చెప్పడానికి ఆసుపత్రివాళ్లు. ముందు ఏ సంగీతమూ రాలేదు. వెల్మా కొక్కేనికున్న అర్విన్ టోపీ లాక్కుని మొహమంతా కప్పేసుకుంది. అర్విన్ ఫోనెత్తి, గోడకు చెయ్యి ఆనించి, చివరి మాట దాకా విన్నాడు.

“అయిపోయిందా?” టోపీలోంచి అడిగింది వెల్మా.

అర్విన్ ఆమె పక్కన కూర్చున్నాడు. మోచేత్తో పొడవలేదు. చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంకా లేదు. నువ్వలాగే ఉండు, నేను చూస్తుంటాను.”