నష్టం రాయని కాగితం

ఆ రోజుల్లో నా చదువుకు నన్ను మించిన అభిమాని లేరు. డిగ్రీ చేతికి రాగానే లోకం నా కోసం కుర్చీ తుడిచిపెట్టి ఉంటుందనుకున్నాను. ఆ కుర్చీ నరసరావుపేటలో ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో, ఫ్యాను గాలి అందని మూల దొరికింది. ఫోనెత్తి తిట్లు తినడం నా ఉద్యోగం. "ఏమ్మాయ్, నెట్టు రాట్లా! డబ్బులు మాత్రం టంచనుగా కట్టించుకుంటారే!" అని అవతలివాళ్ళు అరుస్తుంటే, "ఒకసారి డబ్బా ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి అంకుల్" అనేదాన్ని. (నాకొచ్చిన మంత్రం అదొక్కటే. సగంసార్లు పనిచేసేది. ఎందుకు పనిచేసేదో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు.) అలాంటి సమయంలో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ మాట చెవినపడింది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి నడిపించడం మనకు వచ్చని, పరీక్ష పెట్టి ఇచ్చే కాగితం అది. కోచింగ్ సెంటర్ సారు చెప్పిన జీతాలు విని, ఇంటికి వెళ్ళే బస్సులోనే సగం జీతం ఖర్చు పెట్టేశాను.

రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళో నాన్నది మిరప సేద్యం. ఆయన్ని ఒప్పించడానికి తెల్లకాగితం మీద నిలువుగీత గీసి, ఎడమవైపు ఖర్చు, కుడివైపు లాభం రాశాను. ఎడమవైపు కోచింగ్ ఫీజు ఒక్కటే పెట్టి, పరీక్ష ఫీజు సంగతి మరిచిపోయాను (చాలా కష్టపడి మరిచిపోయాను). పరీక్ష తప్పితే ఆ ఫీజు వెనక్కి రాదని గానీ, గట్టెక్కినా మూడేళ్ళ తర్వాత సర్టిఫికెట్ చెల్లదని గానీ ఎక్కడా రాయలేదు. కుడివైపు మాత్రం చోటు చాలక వెనక పేజీకి వెళ్ళాను.

నాన్న రెండు పేజీలూ చదివి, "నిరుడు ఇది ఏసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు. మా వైపు మిరప రైతులు కొత్తరకం విత్తనం కొనేముందు, అంతకుముందు దాన్ని వేసినవాడి చేనుకు వెళ్ళి, గట్టు మీద నిలబడి కళ్ళారా చూడందే డబ్బు తియ్యరు. "సర్టిఫికెట్‌కి చేనెక్కడ ఉంటుంది నాన్నా?" అన్నాను. "రాసినోడు ఉంటాడుగా, పద" అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

రాసినవాడు మా ఆఫీసులోనే ఉన్నాడు. నిచ్చెన లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి అందరం నిచ్చెనన్న అనేవాళ్ళం. ఆ మధ్యాహ్నం ఒక మూడంతస్తుల డాబా మీద, ఎర్రటి ఎండలో వైర్లు కలుపుతూ దొరికాడు. నాన్న పిట్టగోడ నీడన గొంతుక్కూర్చుని, చేలో అడిగినట్టే అడిగాడు.

"దీనికొచ్చే తెగులేంది అబ్బాయ్?"

నిచ్చెనన్న నవ్వాడు. "చానా ఉన్నాయి బాబాయ్. మొదటిసారి పోయింది, కట్టిన డబ్బులు పోయినయ్. రెండోసారి మళ్ళీ కట్టా. ఇంకో ఏడాదికి ఇది చెల్లదు, మళ్ళీ రాయాల."

నేను కాగితంలో దాచినవన్నీ ఆయన వరసగా బయటపెడుతుంటే, దూరంగా కనిపిస్తున్న కోటప్పకొండ వైపు తిరిగి భక్తిగా నిలబడ్డాను.

"మరి జీతం పెరిగిందా?" అన్నాడు నాన్న.

"కొంచెం. ఈ అమ్మాయికి సారు చెప్పినంత కాదులే. కానీ బాబాయ్, ఇదివరకు నెట్టు పోతే ఊరంతా వైర్లు పీకి చూసేవాణ్ణి. ఇప్పుడు ఎందుకు పోయిందో కూర్చున్న చోటే తెలుసుద్ది."

నాన్న "ఊఁ" అని లేచాడు. బస్టాండ్ దగ్గర రెండు టీలు చెప్పాడు. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

"నీ కాయితంలో ఒక్క నష్టం కూడా లేదమ్మాయ్" అన్నాడు టీ ఊదుకుంటూ. "విత్తనాల కొట్టోడు కూడా అంత ధైర్యం చెయ్యడు." నేను కాగితాన్ని సంచిలో ఇంకా అడుక్కి తోశాను. "ఆ అబ్బాయి నష్టం ముందు చెప్పాడు. ఆ మాట మీద కట్టిస్తన్నా, నీ కాయితం మీద కాదు." ఫీజు కట్టిస్తున్నందుకు సంతోషించాలో, నన్ను నమ్మనందుకు అలగాలో తెలియక రెండూ చేశాను. ఇంటికి వెళ్ళేదాకా మూతి ముడుచుకునే ఉన్నాను.

మంచి ధర కోసం కోల్డ్ స్టోరేజీలో దాచిన మిరపకాయలు ఆ వారమే అమ్మి, కోచింగ్‌కీ పరీక్షకీ కట్టాడు. నేను పరీక్ష తప్పాను. ఫోన్లో ఏడుస్తూ చెబితే మందు కొడుతున్న పంపు ఆపి, "ఎందుకు పోయిందో తెలిసిందా?" అన్నాడు. తెలిసిందన్నాను. "అయితే మళ్ళీ రాయి" అని పంపు ఆన్ చేశాడు. రెండోసారి గట్టెక్కాను. ఆ కాగితమే నాకు విజయవాడలో ఉద్యోగం ఇచ్చింది. సారు చెప్పిన జీతం రావడానికి ఆరేళ్ళు పట్టింది. వచ్చింది, అది చాలు.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు, ఆనాడు నాన్న నాకు ఎలా పరీక్ష పెట్టాడో నవ్వుతూ చెబుతున్నాను. అమ్మ పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ, "మీ నాన్న ఆ కాయలమ్మిన నెలకే ధర రెట్టింపయిందే" అంది. "మరి నాతో ఒక్కసారన్నా అనలేదేమమ్మా?"

"నేను చెప్పబోతే నామీద ఇంతెత్తున లేచాడు. 'దానికి చెప్పమాక, పరీక్ష సరిగ్గా రాయదు' అని."

వరండాలో నాన్న ఏమీ విననట్టు పేపరు తిరగేస్తున్నాడు. నష్టం దాచానని నాకు గడ్డిపెట్టిన మనిషి తన నష్టాన్ని ఇన్నేళ్ళు దాచుకున్నాడు. ఆ బస్సులో మూతి ముడుచుకుని కూర్చున్న పిల్లను తలుచుకుంటే నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. "ఏంది?" అన్నాడు, పేపరు దించకుండానే. "ఏం లేదు నాన్నా" అన్నాను.